బుల్లెట్టు చప్పుడు

కరీంనగరము వీధులలోనో, నిర్మలు ఘాటు బాటమీదనో ‘డుబ్ డుబ్’ మను చప్పుడు వినబడగనే, ఇంటిలోని పిల్లలు సయితము ‘బుల్లెట్టు వచ్చుచున్నది’ అందురు. చూడకయే పోల్చదగిన ఈ చప్పుడు ఎచట పుట్టినది? ఏల అట్లుండును? కొంచెము విచారింతము.

మొదటి ప్రపంచయుద్ధమున కావెంట్రీలోని ట్రయంఫ్ కంపెనీ సైన్యమునకు సుమారు 30,000 మోటారు సైకిళ్లను సమకూర్చెను. 1918లో యుద్ధము ముగిసిన పిదప ఆంగ్లదేశమున వీనికి గిరాకి పెరిగెను. కారు కొనలేని గుమాస్తాకు, కార్మికునకు ఇదియే వాహనము. ప్రక్కన సైడ్‌కారు తగిలించిన ఆలుబిడ్డలకును చోటు దొరకెడిది. బర్మింగ్‌హామున బి.ఎస్.ఏ., నార్టన్ మున్నగు కంపెనీలు వర్ధిల్లెను. మాన్ దీవిలోని పందెములు ఆ యంత్రములకు పరీక్షలయ్యెను.

కాని 1922లో ఆస్టిన్ సెవెన్ అను చౌక కారు వచ్చెను. 1929 నాటి ఆర్థికమాంద్యము తోడయ్యెను. పెక్కు కంపెనీలు మూతపడెను. నిలిచినవారు కొత్త నమూనాలతో కొనువారిని ఆకర్షింపజూచిరి. సూదులకు పేరొందిన రెడ్డిచ్ పట్టణమున, తుపాకుల విడిభాగములు చేసిన చరిత్రగల రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1932లో ‘బుల్లెట్’ను వెలువరించెను.

ఇక చప్పుడు మాట. మనము చిరకాలమెరిగిన 350 బుల్లెట్టునకు ఒకటే సిలిండరు. దాని వ్యాసము 70 మిల్లీమీటర్లు. పిస్టను నడచు దూరము 90. ఇరుసు రెండు చుట్లు తిరిగినపుడు ఒక్కసారి మాత్రమే ఇంధనము మండును. బరువైన చక్రమొకటి నడుమ వేగమును నిలుపును. కావున నెమ్మదిగా పోవునపుడు ఒక్కొక్క దెబ్బయు విడివిడిగా వినబడును. తక్కువ వేగమున సయితము బండి బరువును లాగగలదు. గతుకుల బాటలకును, ఎత్తులకును అది తగిన గుణమే కదా!

భారతసైన్యము ఈ బండ్లను కోరుటచే, 1955లో మదరాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా స్థాపితమై తిరువొత్తియూరున తయారీ సాగించెను. అచట ఆంగ్లదేశమున మాత్రము పాత యంత్రసామగ్రి మారలేదు. జపాను పోటీ ముంచుకొనివచ్చెను. 1967లో రెడ్డిచ్ కర్మాగారము, 1970లో అచటి వ్యాపారమే ముగిసెను. యంత్రాంగములు పిమ్మట మారినను, బుల్లెట్టు పేరు నేటికిని తమిళనాట నిలిచియున్నది.

పుట్టినింట ఆరిన దీపము మెట్టినింట వెలుగుచున్నది. పేరుమోసిన పనితనమైనను, కాలముతో మారకున్న నిలువదని ఆ చప్పుడు మనకు గుర్తుచేయుచుండును.