అమెరికన్ చలనచిత్రాలలో లాటినోల వాణి

తెరమీద ఒక జాతి కనిపించడం వేరు. తన కథలో తనకు మాట ఉండడం వేరు. లాటిన్ అమెరికా దేశాలతో వంశానుబంధం గల ప్రజలను అమెరికాలో లాటినోలని వ్యవహరిస్తారు. హాలీవుడ్ చిత్రాలలో వారు మూకీల కాలం నుండి కనిపిస్తూనే ఉన్నారు. కాని బందిపోట్లుగా, సేవకులుగా, ముక్కోపి సుందరులుగా కనిపించినంత తరచుగా తమ సుఖదుఃఖాలు తాము చెప్పుకొనే మనుషులుగా కనిపించలేదు.

1954లో వెలువడిన ‘సాల్ట్ ఆఫ్ ది ఎర్త్’ ఈ విషయంలో విశిష్టమైనది. న్యూ మెక్సికోలో జింకు గని కార్మికులు 1950 అక్టోబరు నుండి 1952 జనవరి వరకు సాగించిన సమ్మె దీనికి ఆధారం. వారిలో అధికసంఖ్యాకులు మెక్సికన్ సంతతివారు. కార్మికులు పికెటింగు చేయరాదని న్యాయస్థానం నిషేధించగా, 1951లో వారి భార్యలు ఆ స్థానంలో నిలిచారు.

రచయిత మైకేల్ విల్సన్, దర్శకుడు హెర్బర్ట్ బైబర్‌మన్ లాటినోలు కారు; రాజకీయ విశ్వాసాల కారణంగా హాలీవుడ్ బహిష్కరించినవారు. విల్సన్ తన రచనను ఆ కార్మిక కుటుంబాలకు వినిపించారు. కథానాయకుడు పరస్త్రీతో సంబంధం పెట్టుకొనే ఘట్టాన్ని, చివరి జీతంతో విస్కీ కొనే ఘట్టాన్ని వారు అంగీకరించలేదు. విల్సన్ వాటిని తొలగించారు. అంతమాత్రాన దోషాలన్నీ తుడిచివేసిన చిత్రం కాదిది. సమాన హక్కులకై పోరాడే భర్త ఇంట భార్యకు ఆ సమానత్వం నిరాకరించడమే ఇందలి ప్రధాన సంఘర్షణ. కథను చెప్పేది ఆ భార్య ఎస్పెరాంజాయే. భర్త పాత్రను ధరించిన హువాన్ చకోన్ నిజజీవితంలో ఆ కార్మిక సంఘాధ్యక్షుడు.

ఫలితం కఠినంగా ఉన్నది. ఎస్పెరాంజా పాత్రధారిణి, మెక్సికన్ నటి రొసౌరా రెవుయెల్తాస్ 1953లో, చిత్రీకరణ ముగియకముందే నిర్బంధానికి గురియై స్వదేశానికి వెళ్లవలసివచ్చింది. బహుకొద్ది థియేటర్లు మాత్రమే చిత్రాన్ని ప్రదర్శించాయి. 1992లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో దానికి స్థానం లభించింది.

1961 నాటి ‘వెస్ట్ సైడ్ స్టోరీ’కి ఇందుకు భిన్నంగా అఖండ విజయం దక్కింది. అందులో పోర్టోరికో యువతి మరియా పాత్రను రష్యన్ వలసదారుల కుమార్తె నటాలీ వుడ్ ధరించారు. పోర్టోరికోలోనే జన్మించిన రీటా మొరేనోకు అనితా పాత్ర లభించింది. ఆమె ముఖానికి సైతం ముదురు రంగు పూశారు. ఆ పాత్రకే 1962లో ఆమె ఆస్కార్ పొందారు. అటుపిమ్మట తనను వెదకివచ్చినవి ఎక్కువగా అదే మూసలోని వేషాలని ఆమె పలుమార్లు చెప్పారు.

2021లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ ఆ కథనే మళ్లీ తీసినప్పుడు పోర్టోరికన్ పాత్రలకు లాటినో నటులనే ఎంచుకున్నారు. వారి స్పానిష్ సంభాషణలకు ఆంగ్లానువాదం తెరపై వేయలేదు. ఒకరి భాష మరొకరి అనువాదం కొరకు వేచియుండనక్కరలేదన్న గుర్తింపు అందులో ఉన్నది.

పరుల జీవితాన్ని వ్రాయరాదని ఈ చరిత్ర చెప్పదు. విల్సన్ పరుడే. కాని వ్రాసినది ఆ జీవితం గడిపేవారికి వినిపించి, వారు కాదన్నప్పుడు కలం వెనుకకు తీసుకొనగలిగారు. ఆయన రచనకు ఆయువుపట్టు ఆ వినయమే.