మీ పిప్ ఏ పైథాన్‌ది?

ఇంట్లో ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన ప్రాజెక్టు, డెమో రోజున ల్యాబ్ సిస్టమ్‌లో మొరాయిస్తుంది. 'మాడ్యూల్ లేదు' అంటుంది. 'ఇప్పుడేగా ఇన్‌స్టాల్ చేశా!' అని తల పట్టుకుంటారు. చాలాసార్లు తప్పు కోడ్‌లో ఉండదు. లైనక్స్‌లో రెండు మూడు పైథాన్ వెర్షన్లు ఉన్నప్పుడు ప్యాకేజీ ఒకదానికి వేసి, ప్రోగ్రామ్‌ను మరోదాంతో నడుపుతుంటారు.

మన శ్రీశైలం జలాశయాన్నే చూడండి. జలాశయం ఒక్కటే. పోతిరెడ్డిపాడు గేట్లు ఎత్తితే నీళ్లు తెలుగుగంగ వైపు వెళ్తాయి. హంద్రీ-నీవాకు కావాలంటే మల్యాల దగ్గర మోటార్లు తిప్పాలి. పైథాన్ కూడా అంతే. ప్యాకేజీలన్నీ పైపీఐ నుంచే వచ్చినా 3.10వి ఒక ఫోల్డర్‌లోకి, 3.12వి మరో ఫోల్డర్‌లోకి చేరతాయి.

ముందు ఇది చూడండి

టెర్మినల్‌లో 'పిప్ --వెర్షన్' కొట్టండి. ఆ పిప్ ఏ పైథాన్‌దో చివర్లో కనిపిస్తుంది. ప్రోగ్రామ్ నడిపే పైథాన్ కూడా అదేనా అని సరిచూసుకోండి.

సిస్టమ్ పైథాన్ జోలికి వెళ్లొద్దు

ఉబుంటు 22.04తో పైథాన్ 3.10, 24.04తో 3.12 వస్తాయి. లైనక్స్ సొంత టూల్స్ కొన్ని వీటి మీదే ఆధారపడతాయి. 'సుడో పిప్'తో అందులో ప్యాకేజీలు మారిస్తే ఆ టూల్స్ దెబ్బతినొచ్చు. అందుకే 2023లో వచ్చిన డెబియన్ 12, ఆ తర్వాత ఉబుంటు 24.04 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్' అంటూ పిప్‌ను ఆపేస్తున్నాయి. 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' ఆప్షన్‌తో దాన్ని దాటేయకండి. పేరులోనే హెచ్చరిక ఉంది కదా!

ప్రాజెక్టుకో వెన్వ్

* ఉబుంటులో ముందుగా ఆప్ట్‌తో 'పైథాన్3-వెన్వ్' వేసుకోండి.
* ప్రాజెక్టు ఫోల్డర్‌లో 'పైథాన్3 -ఎం వెన్వ్ ఎన్వ్' అని కొట్టి, దాన్ని యాక్టివేట్ చేయండి. ఇక పిప్ వేసేవన్నీ అందులోకే వెళ్తాయి.
* పని పూర్తయ్యాక 'పిప్ ఫ్రీజ్'తో ప్యాకేజీల జాబితాను రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో దాచండి.
* వేరే పైథాన్ వెర్షన్ కావాలంటే పైఎన్వ్, యూవీ లాంటి టూల్స్ ఉన్నాయి. సిస్టమ్ పైథాన్‌ను మార్చాల్సిన పనిలేదు.

వెన్వ్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో మోసుకెళ్లొద్దు. నంపై లాంటి ప్యాకేజీలు ఒక్కో పైథాన్ వెర్షన్‌కు విడిగా తయారవుతాయి. జాబితా ఫైల్‌ను తీసుకెళ్లి కొత్త సిస్టమ్‌లో వెన్వ్‌ను మళ్లీ కట్టుకోవాలి.

ఇంటర్వ్యూలో అడిగితే?

'మీ ప్రాజెక్టు మా సిస్టమ్‌లో నడుస్తుందా?' అని అడిగితే తడబడకండి. పైథాన్ వెర్షన్ చెప్పండి, జాబితా ఫైల్ చూపించండి, వెన్వ్ కట్టి నడిపించండి. రెజ్యూమెలో రాసిన 'పైథాన్' అనే మాటకు అదే రుజువు. ఈ రాత్రే మీ పాత ప్రాజెక్టు ఒకటి తీసి, కొత్త వెన్వ్‌లో నడుస్తుందో లేదో చూడండి.