'వంచితులు' అను మాట

మన యిండ్లలో తెలుగుతోపాటు ఫిజీ హిందీయు వినబడును గనుక 'వంచిత' శబ్దము రెండర్థములతో మన చెవిని బడుచున్నది. హిందీలో వంచితుడనగా హక్కునకో వసతికో దూరమైనవాడు. తెలుగున మోసపోయినవాడు. సంస్కృతమున రెండును గలవు. ఒక్కొక్క భాష ఒక్కొక్కదానిని పట్టుకొన్నది. 'పేద' యనిన లేమి మాత్రమే తెలియును. 'వంచితుడ'నినచో వానికి రావలసినదానిని రానీయక ఆపినవారెవరను ప్రశ్నయు వెంటనే పుట్టును. అందుచేతనే ఈ మాటను పొదుపుగా వాడవలెనని మేము కోరుచున్నాము.

ఆస్ట్రేలియాలో ఈ మాటకు తగినవారిని వెదకినచో క్వీన్స్‌లాండ్ చెరకుతోటలకే పోవలెను. 1863 మొదలు 1904 వరకు వనవాటు, సోలమన్ మొదలగు దీవులనుండి సుమారు 62,000 ఒప్పందములపై కూలివారిని అచ్చటికి తెచ్చిరి. తొలినాళ్లలో ఆశజూపి ఓడనెక్కించుకొనిపోయిన ఉదంతములు గలవు. తెలిసియే మరల వచ్చినవారును పలువురు గలరు. అందరిని ఒకే త్రాట గట్టరాదు. 1903 నుండి మదరాసు ఓడలలో ఫిజీకి వచ్చిన మన పెద్దలును ఒప్పందములమీదనే వచ్చిరి గదా! సిడ్నీలోని కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ రెండుచోట్లను మిల్లులు నడపెను.

1901 నాటి చట్టముచే ఆ దీవులవారిలో పెక్కుమందిని తిరిగి పంపివేసిరి. నిలిచిపోయిన కొద్దిమంది గతి వినదగినది. 1908 నాటి వృద్ధాప్య పింఛను చట్టము పసిఫిక్ దీవుల స్థానికులకు పింఛను లేదనెను. ఆస్ట్రేలియాలో పుట్టని ఆసియావారికిని లేదనెను. 1913లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వము చెరకు సాగుచేయగోరు ఇతరజాతులవారికి ఉక్తలేఖన పరీక్ష పెట్టెను. అడవి కొట్టి తోట వేసినవానికి పలక చేతికిచ్చి పరీక్షించుటకంటె విడ్డూరమేమి గలదు? ఆ ముసలివాని యొద్ద ధనము లేకుండుట పేదరికము. అందరికి దొరకు పింఛను వానికి దొరకకుండుట వంచన.

1992లో మానవహక్కుల సంఘము వారి సంతతి స్థితిని విచారించెను. 1994 ఆగస్టు 25న కేంద్రప్రభుత్వము వారిని ప్రత్యేక సముదాయముగా గుర్తించెను. ఇట్టివారికి ఆంగ్లమున వాడు మాట 'డిజడ్వాంటేజ్డ్'. విడిగా విన్నచో అది వెనుకబడిరని చెప్పునే గాని నెట్టినవారెవరో చెప్పదు.

మన సహాయనిధి ప్రకటనలు వ్రాయువారు ఈ భేదమును గమనింపవలెను. తుపానుకు ఇల్లు గూలినవాడు బాధితుడు. పంట పండక అప్పులపాలైనవాడు పేద. కౌలు గడువు తీరకమునుపే భూమినుండి వెడలగొట్టబడినవానిని మాత్రము వంచితుడని నిస్సంకోచముగా వ్రాయవచ్చును. అప్పుడు వెడలగొట్టినవారి పేరు గూడ వ్రాయవలసివచ్చును.