సీ, జావా, కోట్లిన్, రస్ట్... కంప్యూటర్ కోర్సుకు ఫీజు కట్టే ముందు ఏం చూడాలి?

హైదరాబాద్: రిజల్ట్స్ వచ్చాయంటే సంతోష్‌నగర్ ఇళ్లలో ఒకటే చర్చ. బీకాం కంప్యూటర్స్ చదివే అమ్మాయికి కాలేజీలో సీ చెప్తున్నారు. పక్కింటి భాయ్ జావా నేర్చుకోమంటాడు. మలక్‌పేటలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగితే ఎటు చూసినా జావా, డాట్‌నెట్, పైథాన్ బోర్డులే. అబ్బా దగ్గరున్న డబ్బు ఒక్క కోర్సుకే సరిపోతుంది. దేనికి కట్టాలి?

పేర్లు వేరైనా వీటిలో చాలావరకు ఒకే ఖాందాన్. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ 1972 ప్రాంతంలో తయారుచేసిన సీ వీటికి దాదీ లాంటిది. అక్కడే 1979లో స్ట్రౌస్‌ట్రప్ మొదలుపెట్టిన పని సీ ప్లస్ ప్లస్ అయింది. 1995లో జావా, 2000లో మైక్రోసాఫ్ట్ వారి సీ షార్ప్ వచ్చాయి. గో, రస్ట్, కోట్లిన్ ఆ తర్వాతి తరం. ఫ్లవర్ బ్రాకెట్లు, ఇఫ్, ఫర్ లాంటివి దాదీ ఇంటి నుంచి వచ్చినవే. పైథాన్ రూపం వేరు గానీ, దాన్ని నడిపే అసలు ఇంజిన్ కూడా సీలో రాసిందే. కాబట్టి సీ చదివితే టైమ్ వేస్ట్ అన్న మాట తప్పు.

వేస్ట్ అయ్యేది పాత సీ చదివినప్పుడు. చాలా ల్యాబుల్లో ఇప్పటికీ నీలం స్క్రీన్ టర్బో సీ కనిపిస్తుంది. అది 1990ల నాటి డాస్ సరుకు. అందులో ‘ఇంట్’ అనే డబ్బాలో 32,767కు మించిన అంకె పట్టదు. రెండు టర్ముల ఫీజు 20,000 చొప్పున కూడితే 40,000 రావాలి కదా, మైనస్ 25,536 వస్తుంది! అదే ప్రోగ్రామ్ ఉచితంగా దొరికే జీసీసీలో సరిగ్గా పని చేస్తుంది. ‘కోనియో డాట్ హెచ్’, ‘క్లియర్ స్క్రీన్’ లాంటివి బట్టీ పట్టిన పిల్లలు కంపెనీ ఆన్‌లైన్ టెస్టులో కూర్చుంటే మొదటి లైన్‌కే ఎర్రర్. తమకేమీ రాదనుకుని ఇంటికొస్తారు. తప్పు వాళ్లది కాదు.

ఇక కొత్త భాషలు ఏం బాగు చేశాయి? దావత్‌కి దేగ్‌లు అద్దెకు తెచ్చామనుకోండి. కంప్యూటర్ మెమరీ కూడా అంతే, వాడుకుని తిరిగి ఇవ్వాలి. సీలో ఆ బాధ్యత మొత్తం ప్రోగ్రామ్ రాసేవాళ్లదే. ఇవ్వడం మరిస్తే దుకాణం ఖాళీ అయిపోతుంది. ఇచ్చేశాక మళ్లీ అదే దేగ్‌లో చెయ్యి పెడితే అందులో వేరేవాళ్ల బిర్యానీ ఉంటుంది. హ్యాకర్లు దూరేది ఇలాంటి సందుల్లోనే. తమ సాఫ్ట్‌వేర్‌లో సరిచేసిన భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీకి సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. జావా, సీ షార్ప్, గోలలో వాడేసిన దేగ్‌లను ఏరుకుపోయే మనిషి ఉంటాడు. 2011 నాటి సీ ప్లస్ ప్లస్‌లో స్మార్ట్ పాయింటర్లు వచ్చాయి, పని అయిపోగానే దేగ్ దానంతటదే వెనక్కి పోతుంది. రస్ట్ ఇంకా కఠినం: ఏ దేగ్ ఎవరిదో లెక్క తేలకపోతే పొయ్యి వెలిగించనివ్వదు. 2022 డిసెంబర్‌లో లినక్స్ కెర్నల్‌లోకి కూడా రస్ట్ వచ్చింది.

ఇంకో సంగతి మన ఇళ్లకు దగ్గరిది. చాలామందికి ఇంటిపేరు ఉండదు, ఫారంలో ఆ గడి ఖాళీ. ఆ ఖాళీని ముందే ఊహించి రాయకపోతే జావా ప్రోగ్రామ్ మధ్యలో కూలిపోవచ్చు. కోట్లిన్‌లో ఖాళీగా ఉండగలిగే గడికి ప్రశ్నార్థకం గుర్తు పెట్టాలి, దాన్ని చూసుకోకుండా వాడితే ప్రోగ్రామ్ తయారే కాదు. ఆండ్రాయిడ్ యాప్‌లకు 2019 నుంచి గూగుల్ కోట్లిన్‌కే మొదటి ప్రాధాన్యం ఇస్తోంది.

జావా కూడా అక్కడే ఆగలేదు. విద్యార్థి పేరు, రోల్ నంబర్, మార్కుల కోసం పాతికకు పైగా లైన్లు రాయాల్సిన చోట ఇప్పుడు ‘రికార్డ్’ అని ఒక్క లైన్ చాలు. 2014 నాటి జావా 8 ఇంకా చాలా ఆఫీసుల్లో నడుస్తోంది కాబట్టి అది తెలియాలి, కానీ 17, 21 వెర్షన్లు కూడా రావాలి.

అందుకే ఇన్‌స్టిట్యూట్‌లో భాష పేరుతో పాటు వెర్షన్ కూడా అడగండి. సీ అయితే డెమో క్లాసు రోజున స్క్రీన్ మీద రెండు ఇరవై వేలు ‘ఇంట్’లో కూడి చూపించమనండి. మైనస్ వచ్చిందంటే పర్సు తీయకుండా తిరిగి మెట్రో ఎక్కేయొచ్చు.