అడ్రస్ పెట్టెది కాదు, చోటుది

సింహాచలం గిరి ప్రదక్షిణ దారి 32 కిలోమీటర్లు. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, గోపాలపట్నం మీదుగా మళ్లీ అక్కడికే రావాలి. ఆషాఢ పౌర్ణమికి లక్షల మంది నడిచే ఈ దారి పొడవునా కెమెరాలు పెట్టాలనుకోండి. వాటిని కంట్రోల్ రూముకు కలపడానికి మధ్యమధ్యలో నెట్‌వర్క్ స్విచ్‌లు కావాలి. నాలుగైదు కేబుళ్లు వచ్చి చేరే చిన్న పెట్టె అది. ఎటు నుంచి వచ్చిన సమాచారం ఎటు పోవాలో అదే చూసుకుంటుంది.

కొత్త పెట్టెకు మాత్రం ఏమీ తెలియదు. దానికి ఒక ఐపీ అడ్రస్ ఇవ్వాలి, పేరు పెట్టాలి, ఏ పోర్టు కెమెరాది, ఏది మైకుది అన్న సెట్టింగులు ఎక్కించాలి. స్తంభం పక్కన నిలబడి, లాప్‌టాప్‌కు కన్సోల్ కేబుల్ తగిలించి ఒక్కొక్కటీ టైపు చేయడం పాత పద్ధతి. వంద స్విచ్‌లకు ఇలా చేస్తే ఎక్కడో ఒకచోట అంకె తప్పుతుంది. రెండింటికి ఒకే అడ్రస్ పడితే ఏదీ సరిగ్గా పలకదు. ఆ తప్పు ఎక్కడుందో పట్టుకునేసరికి తెల్లారిపోతుంది.

దీనికి విరుగుడు 1985లోనే మొదలైంది. డిస్కు లేని కంప్యూటర్లు ఆన్ కాగానే తమ అడ్రస్‌నూ, తెచ్చుకోవాల్సిన ఫైలు పేరునూ సర్వర్‌ను అడిగి తెలుసుకునేలా బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ బూట్‌పీ అనే పద్ధతి రాశారు. దాని మీదే 1993లో డీహెచ్‌సీపీ వచ్చింది. మన ఫోను వైఫైలో చేరేటప్పుడు అడ్రస్ తెచ్చుకునేది దీనితోనే.

స్విచ్ కూడా అంతే. ఫ్యాక్టరీలో వేసిన 48 బిట్ల మ్యాక్ అడ్రస్ ఒక్కటే దాని సొంతం. కరెంటు రాగానే 0.0.0.0 అనే ఖాళీ అడ్రస్‌తో, 'ఎవరైనా ఉన్నారా' అని నెట్‌వర్కంతటికీ వినపడేలా కేకేస్తుంది. సర్వర్ ఒక అడ్రస్ ఇవ్వజూపుతుంది, స్విచ్ అదే కావాలంటుంది, సర్వర్ ఖాయం చేస్తుంది. ఆ జవాబులోనే 66, 67 నంబర్ల గడుల్లో ఫైళ్ల సర్వర్ పేరు, సెట్టింగుల ఫైలు పేరు ఉంటాయి. స్విచ్ ఆ ఫైలు దించుకుని తనకు తానే అమర్చుకుంటుంది. చెయ్యి పెట్టే పని లేదు కాబట్టి ఇంజినీర్లు దీన్ని జీరో టచ్ అంటారు.

నాకు ఇందులో అన్నిటికన్నా గొప్పగా తోచేది 2001లో ప్రమాణంగా వచ్చిన 82వ నంబరు గడి. కొత్త స్విచ్ వేసిన కేక, దానికీ సర్వర్‌కూ మధ్య ఉన్న పై స్విచ్ గుండా సర్వర్‌కు చేరేటప్పుడు, 'ఇది నా ఫలానా పోర్టు నుంచి వచ్చింది' అని ఆ పై స్విచ్ రాసి పంపుతుంది. దీని విలువ తెలియాలంటే 2014 అక్టోబరు 12ను తలుచుకోవాలి. ఆ రోజు హుద్‌హుద్ తుఫాను దెబ్బకు విశాఖలో స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. అలాంటప్పుడు కాలిపోయిన పెట్టె స్థానంలో కొత్తది పెడితే దాని మ్యాక్ వేరు. సర్వర్ దగ్గర మ్యాక్‌ల జాబితా మాత్రమే ఉంటే ఎవరో ఒకరు కూర్చుని దాన్ని మార్చాలి. పోర్టును బట్టి ఇచ్చేలా పెట్టుకుంటే, హనుమంతవాక స్తంభం మీద ఏ పెట్టె పెట్టినా హనుమంతవాక అడ్రసే వస్తుంది. పెట్టె బిగించి, కేబుల్ గుచ్చి, మనిషి తర్వాతి స్తంభానికి వెళ్లిపోవచ్చు.

ఇంత సౌకర్యంలో ఒక ప్రమాదమూ ఉంది. కేకకు ఎవరు ముందు పలికితే వారినే స్విచ్ నమ్మేస్తుంది. దొంగ సర్వర్ ఒకటి పలికిందంటే దొంగ సెట్టింగులే ఎక్కుతాయి. అందుకే అసలు సర్వర్ వైపున్న పోర్టు నుంచి వచ్చే జవాబులనే లోపలికి వదిలేలా పై స్విచ్‌లలో కాపలా పెడతారు. వచ్చిన సెట్టింగులు యజమాని పంపినవేనా అని డిజిటల్ సంతకంతో తేల్చుకునే పద్ధతికి 2019లో ప్రమాణం వచ్చింది. ఊరి స్తంభాల మీద, ఎవరి చేతికైనా అందే చోట పెట్టే పెట్టెలకు ఇది తప్పనిసరి చేయాలని నా అభిప్రాయం.

ఇక చోటును బట్టి అడ్రస్ ఇచ్చినప్పుడు కేబుళ్లు తారుమారైతే అడ్రస్‌లూ తారుమారవుతాయి. అప్పుఘర్ కేబుల్‌ను హనుమంతవాక పోర్టులో గుచ్చితే, కంట్రోల్ రూములో హనుమంతవాక పేరు కింద అప్పుఘర్ జనం కనిపిస్తారు. పెట్టె బిగించిన మనిషి దిగే ముందు కంట్రోల్ రూముకు ఫోన్ చేసి, కెమెరా ముందు చెయ్యి ఊపి, ఏ పేరు కింద కనిపిస్తున్నాడో అడిగి తెలుసుకోవాల్సిందే.