అప్‌డేట్ తర్వాత బ్రౌజర్ క్రాష్ అవుతోందా? కంప్యూటర్‌ను మూలన పెట్టే ముందు చూడవలసినవి



స్కాలర్‌షిప్ దరఖాస్తు, హజ్ దరఖాస్తు, పరీక్ష ఫీజు, ఫలితాలు... ఇవాళ ఇవన్నీ బ్రౌజర్ ద్వారానే జరగాలి. మన సంస్థల కంప్యూటర్ గదులకు పిల్లలు వచ్చేది ఎక్కువగా ఈ పనుల మీదే. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనో తెలంగాణ ఈపాస్‌లోనో ఫారం నింపుతుండగా బ్రౌజర్ దానంతట అదే మూసుకుపోతే, సేవ్ చేయని వివరాలన్నీ మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. అది చివరి తేదీ అయితే ఆ బిడ్డకు ఆ ఏడాది స్కాలర్‌షిప్పే చేజారవచ్చు.

“మొన్న అప్‌డేట్ అయినప్పటి నుంచి ఇంతే” అనే ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. దానికి మనవాళ్లు చేసే వైద్యాలు రెండు. ఒకటి, అప్‌డేట్లు రాకుండా ఆపేయడం. రెండు, కంప్యూటర్ పాతబడిందని తేల్చి మూలన పెట్టడం. మొదటి దానిలో ప్రమాదం ఉంది. రెండో దానిలో, చాలాసార్లు, దాతల సొమ్ము వృథా అవుతుంది.

అసలు సంగతి ఏమిటంటే, బ్రౌజర్ ఒంటరిగా పనిచేయదు. దాని మీద మనం తగిలించిన ఎక్స్‌టెన్షన్లు ఉంటాయి. పక్కన యాంటీవైరస్ ఉంటుంది. కింద గ్రాఫిక్స్ డ్రైవర్, విండోస్ ఉంటాయి. అప్‌డేట్ వచ్చినప్పుడు బ్రౌజర్ ఒక్కటే కొత్తదవుతుంది, మిగతావి పాతవిగానే ఉండిపోతాయి. కొత్తదానికీ పాతదానికీ పొసగనప్పుడు క్రాష్ అవుతుంది. కాబట్టి ఒక్కొక్కదాన్ని పక్కన పెట్టి చూస్తే దోషం ఎక్కడుందో బయటపడుతుంది. ఇందుకు ఇంజనీరు అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

ముందు జబ్బు ఏమిటో తెలుసుకోవాలి

మొత్తం బ్రౌజర్ మూసుకుపోతోందా, ఒక్క ట్యాబ్ మాత్రమే పోతోందా అన్నది మొదట చూడాలి. క్రోమ్‌లో ట్యాబ్‌లు సాధారణంగా వేర్వేరు ప్రాసెస్‌లుగా నడుస్తాయి. అందుకే ఒకటి పడిపోయినా మిగతావి నిలబడతాయి. ఒక్క వెబ్‌సైట్‌లోనే ఇబ్బంది ఉంటే అదే సైట్‌ను ఫోన్‌లో తెరిచి చూడండి. అక్కడా తెరుచుకోకపోతే లోపం ఆ సైట్ సర్వర్‌లో ఉండవచ్చు, మన కంప్యూటర్‌ను తప్పుపట్టి లాభం లేదు.

తర్వాత మరో బ్రౌజర్‌లో ప్రయత్నించాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020 నుంచి క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం మీదే నడుస్తోంది. క్రోమ్‌ను పడగొట్టిన కారణం ఎడ్జ్‌నూ పడగొట్టవచ్చు. పోల్చి చూడడానికి ఫైర్‌ఫాక్స్ మేలు, దాని ఇంజిన్ వేరు.

వరుసగా చేయవలసిన పరీక్షలు

మొదటిది, రీస్టార్ట్. క్రోమ్ అప్‌డేట్‌ను వెనకాల డౌన్‌లోడ్ చేసుకుని, మళ్లీ తెరిచినప్పుడు అమలు చేస్తుంది. రోజుల తరబడి మూయకుండా ఉంచితే అది సగంలోనే ఉంటుంది. కిటికీలన్నీ మూసి, కంప్యూటర్‌ను ‘రీస్టార్ట్’ చేయాలి. ‘షట్ డౌన్’ చేసి తిరిగి ఆన్ చేయడం దీనికి సమానం కాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినా వ్యవస్థలో కొంత భాగం డిస్కులో దాచబడి, మళ్లీ అదే తిరిగి వస్తుంది.

రెండోది, ఎక్స్‌టెన్షన్లు. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మీటలు కలిపి నొక్కితే ఇన్‌కాగ్నిటో కిటికీ తెరుచుకుంటుంది. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అందులో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. అక్కడ బాగుండి, మామూలు కిటికీలో క్రాష్ అయితే అనుమానం ఎక్స్‌టెన్షన్ల మీదకు వెళ్లాలి. అన్నీ ఆపేసి, ఒక్కొక్కటిగా ఆన్ చేస్తూ పోతే దోషి దొరుకుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఇదే పనికి హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది. డౌన్‌లోడ్ పేరుతో, కూపన్ల పేరుతో తెలియకుండా చేరినవాటిని అసలు ఉంచకండి.

మూడోది, గ్రాఫిక్స్. బ్రౌజర్ బొమ్మలు, వీడియోలు గీసే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగిస్తుంది. చిప్ డ్రైవర్ పాతదైతే కొత్త బ్రౌజర్ అడిగింది చేయలేక తడబడుతుంది. తెర నల్లబడడం, మెరవడం, వీడియో పెట్టగానే మూసుకుపోవడం దీని గుర్తులు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’ అనే భాగంలో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ మీటను ఆఫ్ చేసి, మళ్లీ తెరవండి. కుదురుకుంటే, కంప్యూటర్ తయారీదారు సైట్ నుంచి కొత్త డ్రైవర్ తెచ్చుకోవడం శాశ్వత పరిష్కారం.

నాలుగోది, యాంటీవైరస్. 2019 అక్టోబరులో క్రోమ్ 78 వచ్చినప్పుడు చాలా కార్యాలయాల్లో తెరిచిన ప్రతి పేజీ పడిపోయింది. బయటి ప్రోగ్రామ్‌లు తనలోకి చొరబడకుండా క్రోమ్ ఒక కొత్త రక్షణ పెట్టుకుంది. సిమాంటెక్ ఎండ్‌పాయింట్ ప్రొటెక్షన్ పాత వెర్షన్లు అలా లోపలికి వెళ్లే పని చేసేవి. రెండూ కాపలాదారులే, ఒకదానితో ఒకటి తగవు పడ్డాయి. ఆ యాంటీవైరస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చుకున్నవారికి బాధ తీరింది. ఒకే కంప్యూటర్‌లో రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి. ఉన్నదాన్ని తాజాగా ఉంచండి.

అయిదోది, ప్రొఫైల్. మన బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు, సెట్టింగులు ఉండే మూట ఇది. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు ఇందులోని ఫైళ్లు చెడిపోవచ్చు. క్రోమ్‌లో కొత్త ప్రొఫైల్ తయారుచేసి చూడండి. అందులో బాగుంటే పాత మూటలోనే చెడు ఉంది. క్రోమ్‌ను తీసేసి మళ్లీ వేసినా బాగుపడలేదని కొందరు చెప్పడానికి కారణం ఇదే. బ్రౌజింగ్ డేటాను కూడా తొలగించమని గుర్తు పెట్టకపోతే పాత ప్రొఫైల్ కంప్యూటర్‌లోనే ఉండి, కొత్తగా వేసిన క్రోమ్‌కు తగులుకుంటుంది. అయితే డేటా తొలగించే ముందు బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు వేరే చోట భద్రపరచడం మరవకండి.

ఆరోది, మెమరీ. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే ఏ ట్యాబ్ ఎంత మెమరీ తింటోందో కనబడుతుంది. 2 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే తట్టుకోలేదు. ఫారం నింపేటప్పుడు ఆ ఒక్క పేజీనే ఉంచుకోవాలి.

అప్‌డేట్లు ఆపడం ఎందుకు తప్పు

కొన్నిసార్లు దోషం నిజంగానే అప్‌డేట్‌లో ఉంటుంది. 2021 మార్చిలో ఆండ్రాయిడ్ ఫోన్లలో వెబ్‌వ్యూ అనే భాగానికి వచ్చిన అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా జీమెయిల్ వంటి యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. గూగుల్ వెంటనే వెబ్‌వ్యూకూ క్రోమ్‌కూ మరో అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అంటే అప్‌డేట్ తెచ్చిన జబ్బుకు మందు మరో అప్‌డేట్‌లోనే వచ్చింది. అప్‌డేట్లు పూర్తిగా ఆపేసుకున్నవాడికి ఆ మందూ అందదు.

పైగా అప్‌డేట్లు వచ్చేది కొత్త హంగుల కోసమే కాదు, దొంగలు దూరే సందులు మూయడానికి కూడా. అందుకే 2023 ఆగస్టు నుంచి క్రోమ్ భద్రతా అప్‌డేట్లను వారం వారం ఇవ్వడం మొదలుపెట్టింది. మన కంప్యూటర్ గదిలో పిల్లల ఆధార్ నంబర్లు, తండ్రుల బ్యాంకు ఖాతాలు, ఆదాయ ధ్రువపత్రాలు ఉంటాయి. అవి మన చేతిలో పెట్టిన అమానత్. పని సాగడం కోసం తలుపు గడియ తీసి ఉంచితే ఆ అమానత్‌కు ద్రోహం చేసినట్టే.

కింద పునాదే పాతదైతే

ఈ పరీక్షలన్నీ అయ్యాక కూడా బాగుపడకపోతే విండోస్ ఏదో చూడాలి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సహాయం 2020 జనవరి 14తో ముగిసింది. విండోస్ 7, 8.1 మీద నడిచే చివరి క్రోమ్ వెర్షన్ 109. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 గాని అంతకు పైది గాని ఉండాలి. ఇలాంటి కంప్యూటర్‌లో బ్రౌజర్ అక్కడే ఆగిపోతుంది, వెబ్‌సైట్లు మాత్రం ముందుకు పోతుంటాయి. కొన్ని పేజీలు తెరుచుకోవు, కొన్ని సగమే కనబడతాయి. విండోస్ 10కు కూడా మామూలు సహాయం 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలంతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. మనకు దానంగా వచ్చే పాత కంప్యూటర్లలో చాలావాటికి అవి లేవు.

అలాంటివాటిని కూడా పారేయనక్కర్లేదు. లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థ వేస్తే, మెమరీ సరిపడా ఉన్న పాత కంప్యూటర్‌లో కూడా తాజా ఫైర్‌ఫాక్స్ నడుస్తుంది. ఫారాలు నింపడానికి, చదువుకోవడానికి అది చాలు. అయితే వేలిముద్ర యంత్రం, ప్రింటర్ తగిలించిన కంప్యూటర్‌ను మార్చే ముందు వాటి డ్రైవర్లు లినక్స్‌కు దొరుకుతాయో లేదో కనుక్కోవాలి.

దాతలకు ఒక విన్నపం

వఖ్ఫ్ ఆస్తి మీద వచ్చే ఆదాయంలో మొదటి ఖర్చు ఆ ఆస్తి మరమ్మతుకే పోవాలన్నది హనఫీ ఫిఖ్హ్‌లో ప్రసిద్ధమైన నియమం. కప్పు కారుతుంటే దాన్ని బాగుచేశాకే మిగతా పంపకాలు. ఆస్తి నిలిస్తేనే దాని పుణ్యం నిలుస్తుందన్నది అందులోని వివేకం. దానమిచ్చిన కంప్యూటర్‌కు కూడా ఈ వివేకం వర్తిస్తుంది. మనం కంప్యూటర్ ఇవ్వడానికి ముందుకు వస్తాము. దాన్ని నడిపించే ఖర్చు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

కాబట్టి పాత కంప్యూటర్ ఇచ్చేటప్పుడు అందులో ఏ విండోస్ ఉంది, ర్యామ్ ఎంత అన్నది చెప్పి ఇవ్వండి. మీ సొంత ఫైళ్లు, పాస్‌వర్డ్‌లు తుడిచివేసి ఇవ్వండి. వీలైతే దానితోపాటు ఒక ర్యామ్ ముక్కకో, ఎస్‌ఎస్‌డీకో, యూపీఎస్ బ్యాటరీకో సరిపడా సొమ్ము జతచేయండి. కొత్త కంప్యూటర్ ఇచ్చే స్తోమత లేని సోదరులు ఈ చిన్న ఖర్చు భరించినా ఆగిపోయిన కంప్యూటర్ మళ్లీ పనిలోకి వస్తుంది. కంప్యూటర్ పని తెలిసిన యువకులు నెలకు ఒక పూట వచ్చి పై పరీక్షలు చేసిపెట్టినా అదీ సదఖానే.

దరఖాస్తుల గడువుకు పది రోజుల ముందే గదిలోని ప్రతి కంప్యూటర్‌ను ఒకసారి తెరిచి, అప్‌డేట్ చేసి, ఒక ఫారం పేజీ తెరిచి చూసుకోవాలి. చివరి రోజు రాత్రి కంటే అప్పుడు బయటపడిన లోపం మేలు. అల్లాహ్ మన సదఖాలను స్వీకరించి, వాటిని పిల్లల చదువులకు నిలిచి ఉండే మేలుగా చేయుగాక. ఆమీన్.