ఒత్తిడి ఎందుకు కలుగుతుంది?

‘ఒత్తడం’ వంటింట్లో తరచు వినిపించే మాట. పూరీలు ఒత్తుతారు, జంతికలు ఒత్తుతారు. పిండిముద్దను ఒత్తితేనే పూరీ తయారవుతుంది. చేతి బరువు ఎక్కువైతే అదే పూరీ చిరిగిపోతుంది. మనసుకు కలిగే ఒత్తిడి కూడా ఇంచుమించు ఇటువంటిదే. పరీక్షలు దగ్గర పడుతున్నప్పుడు కలిగే కొద్దిపాటి ఆదుర్దా విద్యార్థి చేత పుస్తకం తెరిపిస్తుంది. అది హద్దు మీరితే చదివిన పాఠం కూడా గుర్తుకు రాదు. పిల్లలకు ఏ ఒత్తిడీ తగలకూడదనుకోవడం ఎంత పొరపాటో, ఎంత ఒత్తిడి పెడితే అంత బాగా చదువుతారనుకోవడం అంతకంటె పెద్ద పొరపాటు.

ఒత్తిడి మనసులో పుట్టినా శరీరంలో బయటపడుతుంది. ప్రశ్నపత్రం చేతికి రాగానే గుండె దడదడలాడుతుంది. నోరు ఎండిపోతుంది. అరచేతులు చెమర్చి చల్లబడతాయి. ఇది పిరికితనం కాదు. ప్రమాదం ఎదురైందని మెదడు పసిగట్టగానే, మూత్రపిండాల పైన టోపీల వలె ఉండే అధివృక్క గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి విడుదల చేస్తాయి. గుండె వేగం హెచ్చుతుంది. కాలేయంలో నిలవ ఉన్న చక్కెర రక్తంలో కలుస్తుంది. జీర్ణకోశానికి వెళ్లవలసిన రక్తం కండరాల వైపు మళ్లుతుంది. ఎదిరించి పోరాడడానికో, తప్పించుకొని పారిపోవడానికో శరీరం చేసుకొనే ఈ సన్నాహాన్ని అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాల ఆచార్యులు వాల్టర్ కానన్ 1915లో ప్రచురించిన గ్రంథంలో వివరించారు. ఆ కళాశాలలోనే పరిశోధన చేసిన తెలుగువారు యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. పరుగు అందుకొన్న తొలి క్షణాలలో కండరానికి శక్తి సమకూర్చడంలో ఈ పదార్థానిదే ముఖ్యపాత్ర. (1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు మెట్రిక్యులేషన్‌లో గట్టెక్కింది మూడవ ప్రయత్నంలో, మద్రాసులో.)

పెద్దపులి ఎదురైనప్పుడు ఈ సన్నాహం ప్రాణం కాపాడుతుంది. లెక్కల పేపరు ఎదురైనప్పుడు పరుగెత్తడానికి చోటేదీ? శరీరం సిద్ధమై కూర్చుంటుంది, పని మాత్రం ఉండదు. దానితో ఆ సన్నాహమే బాధగా మారుతుంది.

కానన్ విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే, 1890ల చివర, ఎక్స్ కిరణాల సాయంతో పిల్లుల జీర్ణకోశం కదలికలను పరిశీలించారు. పిల్లి కలత చెందగానే ఆ కదలికలు ఆగిపోవడం ఆయన గమనించారు. బడికి బయలుదేరే వేళకు రోజూ కడుపునొప్పి అనే పిల్లవాణ్ణి “దొంగవేషాలు వేస్తున్నావు” అని కసరడం చాలా ఇళ్లలో జరుగుతుంది. ఆ నొప్పి నిజమైనదే కావచ్చు. వైద్యుడు చూసి జబ్బేమీ లేదన్నాక, సెలవు రోజుల్లో మందు లేకుండానే నొప్పి తగ్గుతున్నదంటే, కారణం తిన్న తిండిలో ఉండదు. బడిలోనో, బడికి వెళ్లే దారిలోనో ఉంటుంది.

కారణం ఒక్కటే ఉంటుందని కూడా అనుకోరాదు. కెనడాలోని మాంట్రియల్ నగరంలో హాన్స్ సెల్యే ఎలుకల మీద ప్రయోగాలు చేసి 1936లో ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. చలి కావచ్చు, గాయం కావచ్చు, మితిమీరిన శ్రమ కావచ్చు, బాధ ఏదైనా ఆ ఎలుకల శరీరాల్లో వచ్చిన మార్పులు ఒకే తీరుగా ఉన్నాయి. అధివృక్క గ్రంథులు పెద్దవయ్యాయి, థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, జీర్ణకోశంలో పుండ్లు పడ్డాయి. అంటే వేరువేరు కష్టాలు శరీరంలో ఒకే ఖాతాలో జమ అవుతాయన్నమాట. పదవ తరగతి చదివే ఒక అమ్మాయికి అర్ధసంవత్సర పరీక్షలో మార్కులు తగ్గాయనుకోండి. లెక్కలు రాక తగ్గాయని అందరూ అంటారు. అంతకుముందు నాలుగు నెలలుగా తండ్రికి మగ్గం పని లేదు. తల్లికి జబ్బు. తెల్లవారుజామున నీళ్లు పట్టేదీ, రాత్రి గిన్నెలు తోమేదీ ఆ అమ్మాయే. లెక్కల పరీక్ష మూలిగే నక్క మీద పడిన తాటిపండు. ట్యూషను పెట్టించినంత మాత్రాన ఆమె ఒత్తిడి తీరదు.

1970 ప్రాంతంలో అమెరికాలో జే వైస్ చేసిన ప్రయోగం ఇంకా ఆలోచింపజేస్తుంది. రెండు ఎలుకల తోకలకు ఒకేసారి, ఒకే మోతాదులో విద్యుత్తు తగిలేటట్లు అమర్చారు. మొదటి ఎలుక ముందు ఒక చక్రం ఉంది. అది చక్రం తిప్పితే రెండింటికీ విద్యుత్తు ఆగిపోతుంది. రెండవ ఎలుక చేతిలో ఏమీ లేదు. రెండూ అనుభవించిన బాధ సమానమే అయినా రెండవ ఎలుక కడుపులో పుండ్లు ఎక్కువ పడ్డాయి. విద్యుత్తు తగలబోయే ముందు ఒక చప్పుడు వినిపించిన ఎలుకలకు పుండ్లు తక్కువ, ఏ హెచ్చరికా లేని వాటికి ఎక్కువ.

తన చేతిలో ఏమీ లేకపోవడం, ఎప్పుడు ఏం జరుగుతుందో తెలియకపోవడం మనిషికీ ఇటువంటి కష్టాలే. తాగి వచ్చే తండ్రి ఒకరోజు ముద్దు చేస్తాడు, మరొకరోజు చేయి చేసుకొంటాడు. ఆ ఇంట్లో పిల్లలు సాయంత్రం నుంచీ వీధి గుమ్మం వైపు చెవి పెట్టుకొని కూర్చుంటారు. పుస్తకం ఒడిలో ఉన్నా చదువు సాగదు. పదవ తరగతి తరువాత ఏం చదవాలో పెద్దలే తేల్చేస్తారు. చట్టం పద్దెనిమిదేళ్లు నిండాలని చెబుతున్నా, తొమ్మిదో తరగతి పిల్ల ముందే పెళ్లి మాటలు నడిచే ఇళ్లున్నాయి. ఇవేవీ ప్రగతి పత్రంలో కనబడవు.

హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూరు వంటి ఊళ్లలోని తెలుగు ఇళ్ల పిల్లలకు మరొక చిక్కు ఉంది. ఇంట్లో ఒక భాష, బజారులో ఒకటి, పై చదువులకు ఇంగ్లీషు. తరగతిలో తమిళమో కన్నడమో తప్పు పలికితే తోటివారు నవ్వుతారు. సెలవులకు ఆంధ్రకో తెలంగాణకో వెళితే తెలుగు యాస విని చుట్టాలు నవ్వుతారు. మూడు భాషలు నేర్వడం బాలల మెదడుకు మించిన పని కాదు. నవ్వుతారన్న భయమే నోరు నొక్కేస్తుంది. ఆ భయంతో తెలిసిన జవాబు కూడా చెప్పక చివరి బెంచీలో కూర్చునే వారిని ఉపాధ్యాయులు మందబుద్ధులని పొరబడడం అన్యాయం.

నిద్ర సంగతి కూడా చెప్పుకోవాలి. యుక్తవయసులో నిద్రకు తోడ్పడే మెలటోనిన్ రాత్రివేళ ఆలస్యంగా విడుదలవుతుంది. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరం. రాత్రి ఆలస్యంగా నిద్రపట్టే పిల్లవాణ్ణి తెల్లవారుజామునే ట్యూషనుకు లేపి, బద్ధకస్తుడని తిడితే లాభం లేదు. పక్కమీద సెల్‌ఫోను ఉంటే ఆ కాస్త నిద్రా పోతుంది.

ఒత్తిడికి కారణాలను ఒక కాగితం మీద రాసుకొంటే, వాటిలో తన చేతిలో ఉన్నవేవో, లేనివేవో తెలుస్తాయి. చదువుకు వేళలు నిర్ణయించుకోవడం చేతిలో ఉన్నదే. సాయంత్రం ఖోఖో ఆడితే పోరాటానికి సిద్ధమైన శరీరానికి ఆ పని దొరుకుతుంది. తండ్రి తాగుడు, ఇంటి అప్పు పిల్లల చేతిలో లేనివి. వాటిని నమ్మకమైన పెద్దవారికి చెప్పాలి. మేనత్త కావచ్చు, తెలుగు మాస్టారు కావచ్చు. చెబితే ఇంటి పరువు పోతుందని దాచేవారే ఎక్కువ.

రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి లేకపోయినా, ఇష్టమైన ఆట మీద కూడా మనసు పోకపోయినా వైద్యుని చూడాలి. తాను లేకపోతేనే బాగుండునన్న ఆలోచన వస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలి మానస్ అనే ఉచిత ఫోను సేవను ప్రారంభించింది. బెంగళూరులోని నిమ్హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. 14416 నంబరుకు పగలూ రాత్రీ ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. మాట్లాడదలచిన భాషను ఎంచుకోవచ్చు. వాటిలో తెలుగు కూడా ఉంది.